టీచర్ ఎందుకు బదిలీ అడుగుతాడు?

మన వాడల బడులకు టీచర్లు రారని, వచ్చినా నిలవరని అంటుంటాం. ఊరు దూరం, బస్సు లేదు, పట్నం మోజు అని కారణాలు చెప్పుకుంటాం. ఇవి అబద్ధాలేం కావు. కాని ఒకే మండలంలో ఒక బడిలో టీచర్లు బదిలీ తప్పనిసరి అయ్యేదాకా కదలరు. పక్క బడిలోనేమో కౌన్సెలింగ్ మాట వినగానే అందరూ దరఖాస్తులు పట్టుకుని నిలబడతారు. జీతం ఒకటే, సిలబస్ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? చాలాసార్లు ఆ తేడా హెడ్మాస్టర్ గదిలో, స్టాఫ్ రూమ్‌లో ఉంటది. దళిత టీచర్ విషయంలో ఈ తేడా ఇంకా పదునుగా కనిపిస్తది.

బరోడా చెప్పిన పాఠం

బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన విద్యార్థి వేతనంతో అంబేద్కర్ అమెరికాలో చదివారు. తిరిగొచ్చి సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. 1917లో ఆయన బరోడా చేరారు. ఊళ్లో ఆయనకు ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, సంగతి బయటపడ్డాక కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఆఫీసులో బంట్రోతులు కాగితాలు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరేవారు. కొద్ది రోజులకే ఆయన బొంబాయికి తిరిగొచ్చేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్ రూమ్‌లోని నీళ్ల కూజా ఆయన ముట్టకూడదని కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు.

దీన్ని అంటరానితనం చరిత్రగానే చదువుతున్నాం. సంస్థను నడిపేవాళ్ల చరిత్రగా కూడా చదవాలి. బరోడా సంస్థానం ఒక మనిషి చదువుకు ఏళ్ల తరబడి డబ్బు పెట్టింది. ఆయన తల దాచుకోవడానికి ఒక గది చూపించలేక పోగొట్టుకుంది. పైన రాజుగారికి సదుద్దేశం ఉన్నా, కింద పని జరిగేచోట బాధ్యత తీసుకునేవాడు లేకపోతే ఇట్లాగే జరుగుతది.

ఇవాళ్టి రూపాలు

కూజా విడిగా పెట్టడం చాలాచోట్ల పోయింది. దాని బదులు వేరేవి వచ్చాయి. అద్దెకు ఇల్లడిగితే ముందు ఇంటిపేరు, తర్వాత "మీరేమిట్లు?" అన్న ప్రశ్న. మధ్యాహ్నం డబ్బాలు విప్పేటప్పుడు కుర్చీలు రెండు గుంపులవుతాయి. పదోన్నతి వస్తే "రోస్టర్ దయ" అని ఒక నవ్వు. ఏప్రిల్ 14 జయంతి పని మాత్రం ఎస్సీ టీచర్ల నెత్తినే, అదేదో వాళ్లింటి పండగైనట్టు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న మాటే. ఇవన్నీ రోజూ మోసే మనిషి బడి వదిలి పోవాలనుకోవడంలో వింతేముంది? దరఖాస్తులో మాత్రం "సొంత కారణాలు" అని రాస్తాడు. అసలు కారణం ఏ రిజిస్టర్‌కీ ఎక్కదు.

హెడ్మాస్టర్ చేతిలో ఏముంది?

జీతాలు, నియామకాలు ఆయన చేతిలో లేవు. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పదిశాతం దాటకూడదని 2009 విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ చెబుతున్నది. ఖాళీలు నింపకపోతే ఆ బరువు ఉన్నవాళ్ల మీద పడతది. అది ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. కాని ఉన్న బరువును ఎవరి మీద ఎంత వెయ్యాలో నిర్ణయించేది హెడ్మాస్టరే. టైం టేబుల్, డ్యూటీ చార్ట్, సెలవు మంజూరు, స్టాఫ్ మీటింగ్ ఆయన చేతిలోనివే. వీటితో చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి.

మొదటిది ఇల్లు. కొత్త టీచర్ ఉత్తర్వులు చేతికి రాగానే హెడ్మాస్టర్ తానే ఊళ్లో నలుగురితో మాట్లాడాలి. బడి తరఫున ఒకరు వెంట పోతే, ఇల్లు లేదన్న నోరు అంత సులువుగా లేవదు.

రెండోది డ్యూటీల పంపకం. ఎవరు ఏ పని చేస్తారో రాసి గోడకు అంటించాలి. జయంతి ఏర్పాట్లు, భోజనం పర్యవేక్షణ, యాప్‌లో వివరాలు ఎక్కించడం అన్నీ వంతులవారీగా తిరగాలి. గురుకులాల్లో ఇది మరీ ముఖ్యం. పగలు పాఠం, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి డ్యూటీ ఒకే మనిషి మీద పడితే, తెల్లారి క్లాసులో పిల్లలకు దక్కేది అలసట మాత్రమే. రాత్రి డ్యూటీ చేసినవారికి మర్నాడు మొదటి పీరియడ్ పెట్టకుండా ఉండటానికి పైనుంచి జీవో రావాలా? సెన్సస్, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను పంపరాదని అదే చట్టం 27వ సెక్షన్ అంటున్నది. ఆ మాట పై అధికారికి కాగితం మీద గుర్తుచేయడం కూడా హెడ్మాస్టర్ పనే.

మూడోది మాట. స్టాఫ్ రూమ్‌లో కులం మీద జోకు పడ్డప్పుడు హెడ్మాస్టర్ నవ్వినా, విననట్టున్నా అది అనుమతి కిందే లెక్క. "ఇక్కడ ఆ మాటలు నడవవు" అని అక్కడే, అప్పుడే అనాలి. ఫిర్యాదు వస్తే "సర్దుకుపో బాబూ, అమ్మా" అనకూడదు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై విచారణకు కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతున్నది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధానికి 1989 చట్టం ఉన్నది. ఇవి రాజీ కుదర్చమని చేసిన చట్టాలు కావు.

నాలుగోది గెస్ట్, కాంట్రాక్ట్ టీచర్లు. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లతో పనిచేయించుకున్నారు. పేర్లు మారినా ఆ పద్ధతి పోలేదు. మన పిల్లల్లో మొదటిసారి డిగ్రీ, బీఈడీ చేసినవాళ్లు చాలామంది ఈ దారిలోనే బడిలోకి వస్తున్నారు. వాళ్ల బిల్లు నెల తిరక్కముందే పంపడం, మీటింగ్‌కు పిలిచి కుర్చీ వెయ్యడం, రెగ్యులర్ టీచర్ల సొంత పని వాళ్లకు అంటగట్టకపోవడం ఖర్చు లేని పనులు.

చివరిది, పోతున్న టీచర్‌ను ఎందుకు పోతున్నావని నిజంగా అడగడం. విన్నదాన్ని వచ్చే ఏడు చార్ట్ వేసేటప్పుడు గుర్తుపెట్టుకోవడం.

హెడ్మాస్టర్ మాత్రం ఒంటరి కాడా అంటే, అవును. ఆ కుర్చీలో దళిత మహిళ ఉంటే తోటివాళ్లే మాట వినని బడులున్నాయి. అక్కడ మండల, జిల్లా విద్యాధికారులు, ఉపాధ్యాయ సంఘాలు ఆమె పక్కన నిలబడాలి. సంఘాలు పీఆర్సీ గురించి మాట్లాడినంత గట్టిగా స్టాఫ్ రూమ్ గురించి కూడా మాట్లాడాలి.

ఇది టీచర్ల సుఖం కోసం చెప్పే ముచ్చట మాత్రమే కాదు. అక్షరం ముట్టని ఇంటినుంచి వచ్చిన పిల్ల, తన వాడ మనిషే నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పడం చూస్తది. ఆ మనిషి ఏడాదికే మూట కట్టుకుని పోతే, ఎందుకు పోయాడో కూడా ఆ పిల్లకు అర్థమైపోతది. కాబట్టి మిత్రులారా, ఈసారి బడి కమిటీ మీటింగ్‌కు పోయినప్పుడు ఎన్ని పోస్టులు ఖాళీ అని అడగడంతో ఆగవద్దు. కిందటేడు ఎవరెవరు పోయారు, ఎందుకు పోయారు అని కూడా అడగండి.