నిద్ర మాత్రతో నిద్ర బాకీ తీరదు

అడవి పందుల బెడదకు చేను కాపలా కాసే రైతు, మిల్లులో రాత్రి షిఫ్టు చేసే కూలి, లారీ డ్రైవరు, పసిబిడ్డ తల్లి - వీరికి నిద్ర బాకీ తప్పదు. పగటిపూట దొరికిన రెండు మూడు గంటలే మాత్ర వేసుకుని మొద్దు నిద్ర పోతే ఆ బాకీ తీరుతుందని కొందరి నమ్మకం. అది నిజం కాదు. పైగా ప్రమాదం.

మత్తు వేరు, నిద్ర వేరు

నిద్ర అంతా ఒకే తీరుగా ఉండదు. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర సుమారు గంటన్నరకు ఒక విడతగా తిరుగుతుంటాయి. గాఢ నిద్ర ఎక్కువగా మొదటి సగంలోనే వస్తుంది. అల్ప్రాజొలాం, డయాజిపాం వంటి మాత్రలు త్వరగా కునుకు పట్టిస్తాయి గాని, గాఢ నిద్ర వాటాను తగ్గిస్తాయి. డయాజిపాం మత్తు మర్నాటికీ పూర్తిగా దిగదు. ఆ స్థితిలో ట్రాక్టరు ఎక్కినా, మోటారు స్టార్టరు ముట్టుకున్నా ముప్పే. ముసలివారు తూలిపడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది.

గాఢ నిద్రను పెంచే మందు లేకపోలేదు. సోడియం ఆక్సిబేట్‌ను అమెరికాలో 2002లో అనుమతించారు. అదీ పగలు ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే జబ్బున్న వారికే, కఠినమైన అదుపులో ఇస్తారు. మోతాదు మించితే ఊపిరి ఆగవచ్చు.

బాకీ తీర్చేది శరీరమే

1964 జనవరిలో అమెరికాలోని శాన్‌డియాగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల విద్యార్థి 264 గంటలు మేలుకున్నాడు. తర్వాత ఏ మాత్రా లేకుండానే సుమారు 14 గంటలు నిద్రపోయి లేచాడు. పోయిన గంటలన్నీ లెక్కకు లెక్క తిరిగి పడుకోనక్కర్లేదు. నిద్ర కరువైన శరీరం ముందుగా గాఢ నిద్రనే ఎక్కువగా తీసుకుంటుంది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న పెద్దల మాటలో ఉన్నది ఇదే. అయితే నెలల తరబడి పేరుకున్న బాకీ ఒక్క రోజు పడకతో తీరదు.

అలవాటైతే వదలదు

ఈ మాత్రలు కొన్ని వారాలు వరుసగా వాడితే మోతాదు పెంచితే గాని పనిచేయని స్థితి వస్తుంది. ఒక్కసారిగా మానేస్తే వణుకు, భ్రాంతి, ఫిట్స్ రావచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు అమ్మకాలను అరికట్టగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో పిచ్చి చూపులతో, వణుకుతూ ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే మత్తుమందుల్లో ఇవీ ఉన్నాయి. సారాయి, బ్రాందీలతో కలిస్తే ఊపిరే ఆగవచ్చు. నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారికీ ముప్పే. అందుకే డాక్టరు చీటీ లేనిదే వీటిని అమ్మరాదు. 2014 నుంచి కొన్నవారి పేరు, చీటీ రాసిన డాక్టరు పేరు మందుల షాపు వారు రిజిస్టరులో రాయాలి.

ఏం చేయాలి?

కాపలాకు వెళ్లే రోజు సాయంత్రం గంటా గంటన్నర ముందే పడుకోవాలి. తెల్లవారుజామున టీ మానాలి. ఇంటికి రాగానే కిటికీలు మూసి, చీకటి గదిలో పడుకోవాలి. ఇంట్లో మనుషులుంటే కాపలాకు వంతులు వేసుకోవాలి.

వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఇప్పటికే రోజూ మాత్రలు వాడుతున్నవారు తమంతట తాము ఆపరాదు. డాక్టరు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.