చేతి గడియారంలో రెండు వేళలు

ఉపాధి కోసం ఇంటిలో ఒకరు గల్ఫ్ దేశాలకు వెళ్ళగానే ఆ కుటుంబం రెండు వేళల మధ్య జీవించవలసి వస్తుంది. కనిగిరిలో రాత్రి 9 గంటలైతే రియాద్‌లో సాయంత్రం ఆరున్నర, దుబాయిలో ఏడున్నర. ఇక్కడ తల్లి ఫజ్ర్ నమాజు ముగించి ఐదున్నరకు రియాద్‌లోని కుమారునికి ఫోను చేస్తే అక్కడ ఇంకా 3 గంటలే. పగలంతా శ్రమించినవాని నిద్ర చెదురుతుంది. ఇటువంటి ఇళ్ళకు రెండు దేశాల వేళలు చూపే గడియారం అలంకారం కాదు, అవసరం. దానిని ఎలా అమర్చుకోవాలో తెలియాలి. అది చెప్పలేనిదేమిటో కూడా తెలియాలి.

భారత ప్రామాణిక కాలానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారం. ఆ రేఖ మన కాకినాడ సమీపం నుండి సాగుతుంది. గ్రీనిచ్ కాలం కంటే మనం 5 గంటల 30 నిమిషాలు ముందుంటాము. సౌదీ అరేబియా, కువైట్, ఖతర్, బహ్రెయిన్ 3 గంటలు, ఎమిరేట్స్, ఒమన్ 4 గంటలు ముందుంటాయి. అంటే మన వేళ నుండి మొదటి నాలుగింటికి రెండున్నర గంటలు, తక్కిన రెండింటికి గంటన్నర తీసివేయాలి. చిక్కంతా ఈ అరగంటలోనే ఉంది.

కొన్ని గడియారాలలో మామూలు ముళ్ళతోపాటు 24 గంటలకు ఒకసారి తిరిగే అదనపు ముల్లు ఉంటుంది. దానిని సాధారణంగా గంటకు గంటగా మాత్రమే జరపగలము. కనుక సౌదీ వేళకు పెట్టినప్పుడు అరగంటను మనసులోనే సరిచేసుకోవాలి. రెండు చిన్న డయల్‌లు, రెండు వేర్వేరు కీలు ఉన్న గడియారంలో ఈ ఇబ్బంది లేదు. ఒక్కొక్క డయల్‌ను దేనికది అమర్చుకోవచ్చు. అంకెల గడియారంలోనైతే పట్టికలో ఢిల్లీని స్వస్థలంగాను, జెద్దా లేదా దుబాయిని రెండవ నగరంగాను ఎంచుకుంటే చాలు. వేసవి కాలమాన సవరణను మాత్రం ఆపి ఉంచాలి. మన దేశంలోగాని, పైన చెప్పిన గల్ఫ్ దేశాలలోగాని అది అమలులో లేదు.

తేదీ ఉన్న ముళ్ళ గడియారాన్ని అమర్చేటప్పుడు ముళ్ళను ముందుకు తిప్పుతూ తేదీ మారే క్షణాన్ని గమనించాలి. అదే అర్ధరాత్రి. పగలు, రాత్రి తారుమారు కాకుండా అక్కడి నుండి లెక్కించాలి. మరమీద నడిచే గడియారం రాత్రి 9 నుండి తెల్లవారుజామున 3 వరకు చూపుతున్నప్పుడు తేదీని విడిగా మార్చరాదు. లోపలి పళ్ళచక్రాలు దెబ్బతినవచ్చు.

ఇంటివారు పెద్ద డయల్‌ను కనిగిరి వేళకు, చిన్నదానిని పరదేశంలో ఉన్నవాని వేళకు ఉంచుకోవాలి. అక్కడున్నవారు దీనికి విపర్యయంగా అమర్చుకోవాలి. ఎవరి నమాజు వేళ వారున్న చోటినిబట్టే ఏర్పడుతుంది. నమాజు నిర్ణీత వేళలతో కూడిన విధి అని దివ్య ఖుర్ఆన్ (4:103) బోధిస్తోంది. ఆ వేళలను నిర్ణయించేది సూర్యగమనం.

గడియారాల తేడా, సూర్యుని తేడా ఒకటి కావు. కనిగిరి ప్రామాణిక రేఖకు సుమారు 3 డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ మధ్యాహ్నం ఆ రేఖ మీదికంటే దాదాపు 12 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రియాద్‌కు, మనకు గడియారాలలో 150 నిమిషాల తేడా ఉన్నా, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళలో తేడా సుమారు 130 నిమిషాలే. పగటి నిడివి ఋతువునుబట్టి మారుతుంది గనుక సూర్యోదయ, సూర్యాస్తమయాలలో ఈ తేడా కూడా మారుతుంది. అందుచేత కనిగిరి మస్జిదు పట్టికను రియాద్‌కు అన్వయించరాదు. విమానంలో ఉన్న ఉపవాసికి కూడా మణికట్టు మీది స్వస్థల వేళ ఇఫ్తార్‌కు ప్రమాణం కాదు. తానున్నచోట సూర్యుడు అస్తమించాలి. ఇక రమజాన్, ఈద్ నెలవంకను ఏ గడియారమూ చూపలేదు. అక్కడ పండుగైన రోజున ఇక్కడ ఉపవాసం ఉండవచ్చు.

మరి ఆ చిన్న డయల్ దేనికి? బంధుత్వపు హక్కు నెరవేర్చడానికి. మన తీరికను కాక, ఎదుటివారి విశ్రాంతిని, పనిని, నమాజును గమనించి పలకరించడం ఆ హక్కులో భాగమే. రాత్రి పాళీలో పనిచేసేవాడు పగలు నిద్రిస్తాడు. కనుక కుమారుని పనివేళలను, సెలవు దినాన్ని అడిగి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫోను చేతికి తీసుకోబోయే ముందు ఆ కాగితాన్ని, చిన్న డయల్‌ను ఒక్కసారి చూడండి.