నా ఫాంటమ్‌ని సీల్ చేయను!

1964లో మొదలై 1990లో ఆగిపోయిన ఇంద్రజాల్ కామిక్స్ నా దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయి. న్యూస్‌ప్రింట్ కదా, అప్పడాల్లా అయిపోయాయి. పేజీ తిప్పితే అంచులు రాలుతున్నాయి. ‘సీల్ చేసి దాచు బాస్, రేటు పలుకుద్ది’ అంటారు ఫ్రెండ్స్. తెరవని ఫాంటమ్ నాకెందుకు? మేనకోడలి చేతికిచ్చేశా. లీ ఫాక్ రాసిన ‘బెంగాలీ’ దేశం ఇంద్రజాల్‌లో ‘డెంకాలీ’ అయిందని చెబితే తెగ నవ్వింది.

తర్వాత 1998 నాటి దూరదర్శన్ సీరియల్ ‘కెప్టెన్ వ్యోమ్’ చూపించా. ‘మామయ్యా, ఇవేం గ్రాఫిక్స్!’ అంది. నిజమే, ఇప్పటి మొబైల్ గేమే నయం. మూడో ఎపిసోడ్‌కి మాత్రం ఫోన్ పక్కన పెట్టేసింది. మాకైతే తర్వాతి భాగానికి వారం ఆగాలి. ఆ వారమంతా మిగతా కథ మేమే అల్లుకునేవాళ్లం.

మొన్న రెండు పుస్తకాల అట్టలు ఊడాయి. సెల్లోటేప్ వద్దన్నా, దాని జిగురు కాగితాన్ని పాడుచేస్తుంది. మైదా ఉడికించి అతికిస్తున్నాం.