కొనుగోలు నమ్మకానికీ కులముంది

ఆదివారం సాయంత్రం శామీర్‌పేట చెరువు దగ్గర రాజీవ్ రహదారి పక్కన కాసేపు నిలబడితే మన ఆర్థిక వ్యవస్థ రెండు వరుసలుగా కనిపిస్తుంది. ఒక వరుసలో ఫాంహౌసుల నుంచి, రిసార్టుల నుంచి నగరానికి తిరిగి వెళ్తున్న మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి కార్లు. రెండో వరుసలో ఔటర్ రింగ్ రోడ్డు కూడలి వద్ద బుకింగ్ కోసం ఫోన్ వంక చూస్తూ ఆగి ఉన్న పసుపు నెంబరు ప్లేటు క్యాబులు. రెండూ కార్లే. ఒకటి యజమాని హోదాను మోస్తుంది, మరొకటి యజమాని కుటుంబాన్ని మోస్తుంది. మాంద్యం ముంచుకొచ్చినప్పుడు వీటిలో ఏది ముందు ఆగిపోతుందన్నది అర్థశాస్త్ర ప్రశ్న మాత్రమే కాదు, కుల ప్రశ్న కూడా.

ముందు అంకెలు చూద్దాం. దేశంలో మెర్సిడెస్ బెంజ్ 2018లో 15,538 కార్లు అమ్మింది. మందగమనం మొదలైన 2019లో అది 13,786కు, కొవిడ్ ఏడాది 2020లో 7,893కు పడిపోయింది. అంటే రెండేళ్లలో సగం. సంపన్నులు కూడా భయపడ్డారన్నమాట. కానీ ఆ భయం ఎంతకాలం నిలిచింది? 2021లో అమ్మకాలు 11,242కు, 2023లో 17,408కు, 2024లో 19,565కు చేరాయి. అదే కాలంలో 5 లక్షల రూపాయల లోపు కార్ల విభాగం దాదాపు అదృశ్యమైంది. 2015–16లో 9 లక్షలకు పైగా అమ్ముడైన ఆ తరగతి కార్లు 2024–25లో పాతిక వేల దగ్గరికి వచ్చాయి. కాలుష్య, భద్రతా నిబంధనల వల్ల ధరలు పెరగడం ఇందుకు ఒక కారణం. పెరిగిన ధరకు సరిపడా కింది మెట్టు ఆదాయాలు పెరగకపోవడం రెండో కారణం.

రిజర్వు బ్యాంకు వినియోగదారుల విశ్వాస సూచీని వెలువరిస్తుంది. ఆ సర్వే జరిగే నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. సూచీ 100కు తగ్గితే నిరాశ అని అర్థం. 2021 మే నెలలో అది 48.5 వద్ద అట్టడుగున ఉంది. అదే ఏడాది మెర్సిడెస్ అమ్మకాలు అంతకుముందు ఏడాది కంటే 40 శాతానికి మించి పెరిగాయి. లాక్‌డౌన్‌లో ఆగిన కొనుగోళ్లు కొన్ని అందులో కలిసి ఉండవచ్చు. అయినా ఆ వాస్తవం చెప్పేది స్పష్టమే. సంపన్నుడు కొనుగోలును వాయిదా వేసుకుంటాడు, పేదవాడు ఉన్నదాన్ని కోల్పోతాడు. వాయిదా వేసుకోగలగడం కూడా ఒక సంపదే. ఆ సంపద ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నిస్తే మేడ్చల్, శామీర్‌పేట నేల సమాధానం చెబుతుంది.

ఒకనాడు వరి, కూరగాయలు, ద్రాక్ష పండిన ఊళ్లివి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ, విద్యాసంస్థలు, గోదాములు రావడంతో ఇక్కడి ఎకరం ధర పంటతో సంబంధం తెంచుకుంది. అయితే ధర పెరిగింది నేలకు మాత్రమే కాదు, కాగితానికి. తరతరాల పట్టా భూమి ప్రధానంగా ఆధిపత్య కులాల చేతుల్లో ఉండిపోయింది. దాన్ని అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, డెవలప్‌మెంటుకు ఇవ్వవచ్చు. దళితులకు, వెనుకబడిన కులాల పేదలకు దక్కింది అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దాని అమ్మకం చెల్లదు. పేదల భూమిని పెద్దలు కాజేయకుండా తెచ్చిన ఆ చట్టం అవసరమైనదే. కానీ గట్టుకు అవతలి పొలం కోట్లు పలుకుతున్నప్పుడు ఇవతలి పొలం ప్రభుత్వానికి అవసరమైతే వెనక్కి ఇవ్వాల్సిన భూమిగానే మిగిలింది. అసైన్డ్‌దారులకు పట్టాదారులతో సమానంగా పరిహారం చెల్లించాలని చేవెళ్ల భూసేకరణ కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పడానికి 2004 వరకు ఆగవలసి వచ్చింది.

ఇక రోడ్డు రాకముందే ఆడపిల్ల పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో అరెకరం అమ్ముకున్న బీసీ రైతులు ఎందరో. భూమి రికార్డుల ప్రక్షాళన పేరిట తెచ్చిన ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న ప్రారంభించింది ఈ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే. 2025లో భూభారతి దాని స్థానంలోకి వచ్చింది. పోర్టళ్లు మారినా, ఏ చేతిలో ఏ కాగితం ఉందన్న ప్రశ్న మారలేదు. షోరూంలో సంతకం చేసే చేయి వణకకపోవడానికి వెనుక ఆ కాగితం, చిట్టీలు, బంధుత్వాలు, తెలిసిన బ్యాంకు మేనేజరు ఉంటారు. దాన్ని ఆర్థిక పత్రికలు ‘కొనుగోలుదారుల విశ్వాసం’ అంటాయి. అది వ్యక్తి మనోధైర్యం కాదు, వారసత్వం.

వాహనానికీ కులానికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. 1929లో చాలీస్‌గావ్‌లో అంబేడ్కర్‌ను ఎక్కించుకుని టాంగా తోలడానికి టాంగావాలాలు నిరాకరించారు. ఆయనను నడిపించి తీసుకెళ్లడం గౌరవం కాదనుకున్న దళితులు టాంగా అద్దెకు తీసుకుని తామే తోలారు. అలవాటు లేని చేతుల్లో అది బోల్తాపడి ఆయన కాలు విరిగింది. అప్పటికే ఆయన బారిస్టరు. వాహనంలో ఎవరు కూర్చోవాలి, ఎవరు తోలాలి అన్నది కులమే నిర్ణయించిన దేశం మనది. నేడు ఆ నిర్ణయాన్ని మార్కెట్ చేస్తోందని మనం నమ్ముతున్నాం. వెనుక అద్దం మీద కులం పేరు అతికించుకుని దూసుకుపోయే కార్లు ఆ నమ్మకాన్ని ఎగతాళి చేస్తున్నాయి.

దళితబంధు అనుభవాన్ని ఈ కోణంలోనే చూడాలి. 2021 ఆగస్టులో మొదలైన ఆ పథకంలో కుటుంబానికి 10 లక్షల రూపాయలు బ్యాంకు రుణంతో పని లేకుండా ఇచ్చారు. లబ్ధిదారుల్లో చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరకు రవాణా వాహనాలు ఎంచుకున్నారు. ‘దళితులకు కార్ల మోజు’ అని వెటకారం చేసినవారు ఒక్క విషయం మరిచారు. భూమి లేనివాడికి, దుకాణం పెట్టడానికి బజారులో చోటు లేనివాడికి, తన చేతిలో ఉన్న డ్రైవింగ్ నైపుణ్యాన్నే పెట్టుబడిగా మార్చుకునే దారి అది. అందులో బలహీనత లేకపోలేదు. ఒకే మార్కెట్‌లోకి ఒకేసారి అన్ని వాహనాలు దిగితే కిరాయి తగ్గుతుంది. క్యాబు నడవాలంటే ఎక్కేవారి జేబులో డబ్బు ఉండాలి. ఇతరుల నమ్మకం మీద నడిచే బండి అది. ప్రభుత్వం మారాక ఆ పథకమూ ముందుకు సాగలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఖరీదైన కార్లలో దళిత, బీసీ పారిశ్రామికవేత్తలు కూడా తిరుగుతున్నారు కదా అని. తిరగాలి. చెప్పులు వేసుకుని ఊళ్లో నడవనివ్వని చోట, పెళ్లికొడుకు గుర్రమెక్కితే దాడి జరిగే చోట, మంచి కారు విలాసం కాదు, ఆత్మగౌరవ ప్రకటన. ఎదిగినవారికి పొదుపు గురించి పాఠాలు చెప్పే అధికారం ఎవరికీ లేదు. మన ప్రశ్న వేరు. ఒక్క మాంద్యం, ఒక్క జబ్బు, ఆగిన ఒక్క బిల్లు వచ్చినప్పుడు ఆ కారు వారి చేతిలో నిలుస్తుందా? మొదటి తరం సంపదకు వెనుక ఆసరా ఇచ్చే మరో తరం ఉండదు.

తెలంగాణ కులగణన ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. ఆ సర్వేలో భూమి, అప్పు, ఆస్తి వివరాలు కూడా అడిగారు. జనాభా శాతాల దగ్గర చర్చ ఆగకూడదు. ఏ కులం చేతిలో పట్టా ఉంది, ఏ కులం నెత్తిన వడ్డీ ఉంది అన్నది మండలాల వారీగా ప్రజల ముందుంచాలి. అసైన్డ్ భూమిని సేకరిస్తే పట్టా భూమితో సమాన పరిహారం ఊరూరా అమలు కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింపు చిన్న కార్లతోపాటు విలాస కార్లకూ వర్తించింది. కొనగలవాడికి ఇంత ఆలోచించిన రాజ్యం, మందగమనంలో వాయిదా కట్టలేని క్యాబు యజమాని కోసం కూడా ఒక ఏర్పాటు చేయాలి. 2020లో మారటోరియం ఆగస్టు 31తో ముగిసింది. బాకీ మాత్రం వడ్డీతో సహా నిలిచింది.

షోరూం అద్దంలో మెరిసే కార్ల అమ్మకాలు దేశం కోలుకుందనడానికి కొలమానం కావు. శామీర్‌పేట కూడలిలో ఆగి ఉన్న ఆ క్యాబు యజమాని వచ్చే నెల వాయిదా గురించి భయం లేకుండా నిద్రపోగలిగిన రోజున మాత్రమే మాంద్యం ముగిసిందని చెప్పుకోగలం.