ఉమ్మడి లోగిలికి కావలి ఎవరు?

2019 వేసవిలో జర్మనీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, వాడు నన్ను మోజెల్ నది ఒడ్డున ఉన్న పెర్ల్ అనే ఊరికి తీసుకువెళ్లాడు. అక్కడ వంతెన దాటితే లక్సెంబర్గ్ దేశం. ఆవలి గట్టున ఉన్న చిన్న ఊరే షెంగెన్. సంచీలో పాస్‌పోర్టు తడిమి చూసుకుని మరీ వంతెన ఎక్కాను. అడిగే నాథుడు లేడు!

"అంతేనట్రా?" అన్నాను, కాస్త నిరాశగానే.

1985 జూన్ 14న ఈ నదిలోనే ఓ ఓడమీద అయిదు దేశాలవారు ఒడంబడిక రాసుకున్నారు. పదేళ్లకు తనిఖీలు పోయాయి. ఇప్పుడు ఆ ఏర్పాటులో 29 దేశాలున్నాయి.

ఉమ్మడి లోగిలిలో గదుల తలుపులు తీసేశారు సరే, వీధి గుమ్మం ఎవరు కాయాలి? అందుకే 2004లో ఫ్రాంటెక్స్ అనే సంస్థ పెట్టారు. కచేరీ పోలెండులోని వార్సాలో. పాపం, చాలాకాలం దానికి సొంత బలగమే లేదు. మనుషులనూ పడవలనూ సభ్యదేశాల దగ్గర ఎరువు తెచ్చుకోవలసిందే. 2015లో పది లక్షలమందికి పైగా సముద్రం దాటి వచ్చేసరికి ఆ ఎరువు సరుకు చాలలేదు. 2027 నాటికి 10,000 మందితో దళం ఉండాలని 2019లో చట్టం చేశారు.

మనుషులు దొరుకుతారు, డబ్బూ దొరుకుతుంది. చిక్కల్లా పెత్తనం దగ్గరే. ఒక దేశం తన సరిహద్దు కాయలేకపోతే, అది వద్దన్నా ఉమ్మడి దళం దిగవచ్చునా? దిగవచ్చునని 2015 డిసెంబరులో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. సభ్యదేశాలు ఒప్పుతాయా! చివరికి 2016లో కుదిరిన రాజీ ఇది: ఆ దేశం సహకరించకపోతే, మిగతావారు దానివైపు తమ తలుపులు మళ్లీ బిగించుకోవచ్చు.

నన్ను ఇంతకంటె కలవరపెట్టేది మరొకటి. ఏజియన్ సముద్రంలో ఆశ్రయం కోరి వస్తున్నవారిని వెనక్కు నెట్టేస్తుంటే చూసీ చూడనట్లు ఊరుకున్నారన్న ఆరోపణల నడుమ, 2022లో ఫ్రాంటెక్స్ అధిపతి రాజీనామా చేశాడు. చంకలో బిడ్డతో నడిసముద్రంలో చిక్కిన తల్లి ఎవరికి మొర పెట్టుకోవాలి? గ్రీసుకా, వార్సాకా? కాపలా ఉమ్మడిదైనంత సులువుగా జవాబుదారీ ఉమ్మడి కాలేదు.

2024 సెప్టెంబరు 16న జర్మనీ తన నేల సరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. లక్సెంబర్గ్ వైపూ తప్పలేదు. ఆ వారమే అబ్బాయి ఫోను చేశాడు.

"నాన్నగారూ, ఈసారి వచ్చినప్పుడు పాస్‌పోర్టు సంచీ అడుగున పెట్టకండి. జేబులోనే ఉంచుకోండి."