ఛార్జింగ్ అయిపోయిన ఆ పది నిమిషాలు

సిగరెట్ మానాలని వేప్ (ఈ-సిగరెట్) కొనడానికి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది రుచి గురించి. పుదీనానా, మామిడా, పొగాకు వాసన వచ్చేదా అని. నేను మాత్రం ముందుగా చూసేది దాని ఛార్జింగ్ ఎంతసేపటికి ఎక్కుతుందన్నది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. పొగ మానాలనుకునేవాళ్ళకు సాయం చేయడం మా పనిలో భాగం. మానేసి మళ్ళీ ముట్టించినవాళ్ళను "ఎప్పుడు, ఎట్లా?" అని అడిగితే తరచుగా వినిపించే జవాబు, "ఛార్జింగ్ అయిపోయింది." పొగ కోసం మనసు లాగడం మొదలైతే ఆ ఉద్ధృతి ఉండేది కొన్ని నిమిషాలే. కానీ ఆ నిమిషాల్లో చేతిలోని వేప్ పనిచేయకపోతే, వీధి చివర సిగరెట్లు అమ్మే కొట్టు తెరిచే ఉంటుంది.

ఇక్కడ నేను చెప్పబోయేది అట్లాంటి ఒక పరికరం గురించే. త్వరగా ఛార్జ్ అవుతుందని, కొత్తవాళ్ళకు తేలిక అని చెప్పి అమ్ముతున్నారు. కంపెనీ పేరు రాయడం లేదు. మన భారతదేశంలో వేప్‌ల ప్రకటనలను చట్టం నిషేధించింది, నా రాత ప్రకటనగా మారడం నాకు ఇష్టం లేదు. పైగా ఈ తరహావన్నీ లోపల దాదాపు ఒకటే. వీటిలో చాలా భాగం చైనాలోని షెన్‌జెన్‌లోనే తయారవుతాయి. నేను పొగ తాగను, వేప్ పీల్చను. పీల్చి చెప్పాల్సిన సంగతులు మా బాబాయ్ చెప్పినవి. ఆయన మా నాన్నగారి పినతండ్రి కొడుకు, ఊరు టంగుటూరు దగ్గర. కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే స్థిరపడి, ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. కుర్రతనం నుంచీ సిగరెట్ తాగిన మనిషి.

చూడ్డానికి లైటర్ కంటే కొంచెం పొడవుగా ఉంటుంది. కింద 1000 ఎంఏహెచ్ బ్యాటరీ, పైన 2 మిల్లీలీటర్ల ద్రవం పట్టే చిన్న తొట్టి. దాన్ని పాడ్ అంటారు. బటన్ లేదు. పీల్చగానే గాలి ఒత్తిడిలో మార్పును ఒక సెన్సర్ పసిగడుతుంది, బ్యాటరీ నుంచి కరెంటు పాడ్‌లోని సన్నని లోహపు జాలీకి వెళుతుంది. ఆ జాలీని కాయిల్ అంటారు. దాని చుట్టూ ఉన్న దూది పీల్చుకున్న ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. ద్రవంలో ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచికి కలిపే పదార్థాలు. ఇక్కడ ఏదీ కాలదు. సిగరెట్ కొన దమ్ము లాగినప్పుడు 900 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ కాలడం వల్లే తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. మనిషిని పొగ మాననివ్వనిది నికోటినే అయినా, ఊపిరితిత్తులనూ గుండెనూ ఎక్కువగా పాడు చేసేవి ఆ కాలడంతో పుట్టే పదార్థాలు.

ఇది మాటవరసకు చెప్పేది కాదు, షాపులో చూపించగలిగేది. మా దగ్గర ఊపిరి ఊది కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న మీటర్ ఉంటుంది. పది లక్షల పాళ్ళలో 10 కంటే తక్కువ చూపిస్తే పొగ తాగడం లేదని లెక్క. బాబాయ్ మొదటిసారి ఊదినప్పుడు అంకె అంతకు రెట్టింపు దాటింది. సిగరెట్ పూర్తిగా ఆపి వేప్ ఒక్కటే వాడిన వారం తర్వాత ఊదితే మామూలు మనిషి అంకె వచ్చింది. "మళ్ళీ ఒకసారి ఊదుతానమ్మాయ్, మిషన్ సరిగ్గానే ఉందా?" అన్నాడు. రెండోసారీ అంతే. ఆ అంకె చూసిన ఆయన ముఖం చూశాక, ఈ పరికరాల గురించి జాగ్రత్తగా, ఓపిగ్గా రాయాలనిపించింది.

ఇప్పుడు ఛార్జింగ్ సంగతి. పూర్తిగా ఖాళీ అయినదాన్ని మామూలు 5 వోల్టుల, 2 ఆంపియర్ల ఛార్జర్‌కు పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. మొదటి పది నిమిషాల్లో దాదాపు మూడో వంతు ఎక్కింది. నిండడానికి అరగంట దాటింది. చివరి భాగం నెమ్మదిగా సాగడం లోపం కాదు. లిథియం బ్యాటరీలో మొదట కరెంటు ధారాళంగా వెళుతుంది. 4.2 వోల్టుల దగ్గరికి వచ్చాక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటును తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే బ్యాటరీ పాడవుతుంది. కాబట్టి "అరగంటలో ఫుల్" అన్న మాటకంటే పది నిమిషాల్లో ఎంత ఎక్కుతుందన్న అంకె మనకు పనికొస్తుంది. ఈ బ్యాటరీ శక్తి 3.7 వాట్ అవర్లు. కాయిల్ 12 వాట్ల మీద పనిచేస్తుంది. లెక్క వేస్తే పూర్తి ఛార్జింగ్‌కు మూడు సెకన్ల దమ్ములు మూడు వందల పైచిలుకు వస్తాయి. నష్టాలు తీసేసినా, టీ విరామంలో పది నిమిషాలు పెడితే బాబాయ్ షిఫ్టు గడవడానికి చాలినంత. ఆయనకు కావాల్సింది అదే, అది ఈ పరికరం ఇస్తోంది.

ఒక చిక్కు ఉంది. ఈ రకం చవక పరికరాల్లో కొన్ని, రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు. నేను చూసినదీ అంతే. ఒకవైపు పాతకాలపు వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తోనే ఎక్కుతుంది. కొత్త ఫోన్ల ఛార్జర్లు వాడేవాళ్ళు పరికరం చెడిపోయిందనుకుంటారు. డబ్బాలోని కాగితం మీద ఈ ముక్క లేదు, ఉండాలి. త్వరగా ఎక్కేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి పరుపు మీద, దిండు కింద, నిద్రపోయేటప్పుడు పెట్టకూడదు.

నికోటిన్ దగ్గరికి వస్తే, మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. మాది పొగాకు పండించిన ఇల్లు. పచ్చాకును కర్రలకు అల్లి, బ్యారన్ అనే కొట్టంలో వేలాడదీసి, గొట్టాల వేడితో రోజుల తరబడి ఆరబెట్టడం చూస్తూ పెరిగాను. అట్లా వేడితో త్వరగా ఆరిన వర్జీనియా ఆకులో చక్కెరలు మిగిలిపోతాయి. ఆ ఆకు పొగ కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, గొంతుకు గరుకు తగలకుండా ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది. చుట్ట పొగ అలా కాదు, క్షార గుణం. లోపలికి లాగితే గొంతు పట్టేస్తుంది. అందుకే చుట్ట తాగేవాళ్ళు పొగను నోట్లోనే ఉంచుతారు, నికోటిన్ నోటి పొరల్లోంచే ఎక్కుతుంది. సిగరెట్ ప్రపంచమంతా పాకడానికి ఆ బ్యారన్ వేడి ఒక ముఖ్య కారణం.

వేప్ ద్రవాల్లోనూ అదే జరిగింది. తొలి రోజుల ద్రవాల్లో నికోటిన్ క్షార రూపంలో ఉండేది, గాఢత పెరిగితే గొంతు మండేది. తర్వాత బెంజోయిక్ ఆమ్లం లాంటివి కలిపి నికోటిన్ సాల్ట్ చేశారు. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. ఎక్కువ నికోటిన్ ఉన్నా గొంతుకు మెత్తగా దిగుతుంది. బ్రిటన్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. రోజుకు పెట్టె కాల్చే మనిషికి నేను ఆ 20తోనే మొదలుపెట్టమంటాను. భయపడి 3, 6 అంటూ మొదలుపెట్టినవాళ్ళు చాలక మళ్ళీ సిగరెట్ దగ్గరికే వెళతారు. బాబాయ్ 20తో మొదలుపెట్టాడు. "మొదటి రోజు దగ్గొచ్చింది. సిగరెట్ లాగినట్టు గట్టిగా లాగా. మెల్లిగా లాగితే సరిపోతుందని తర్వాత తెలిసింది" అన్నాడు.

కొత్త పాడ్‌లో ద్రవం నింపిన వెంటనే పీల్చకూడదు. దూది తడవడానికి పది నిమిషాలు ఆగాలి, లేకపోతే ఎండు దూది మాడి ఆ పాడ్ అంతటితో సరి. ఒక్కో పాడ్ వారం, రెండు వారాలు వస్తుంది. తీపి ఎక్కువున్న ద్రవాలు కాయిల్‌ను త్వరగా మాడుస్తాయి. ఖర్చు చూస్తే, ఇక్కడ 20 సిగరెట్ల పెట్టె 15 పౌండ్లు దాటింది, ఈ పరికరం మొత్తం ధరే ఆ ప్రాంతంలో ఉంది.

లోపాలు చెప్పాలి. పాడ్ కింద తేమ చేరుతుంది, రెండు రోజులకొకసారి తుడవకపోతే గురగురమంటుంది. పాడ్ ప్లాస్టిక్ మరీ నల్లగా ఉండి ద్రవం ఎంత మిగిలిందో రాత్రివేళ కనిపించదు. ఇవి సర్దుకోదగ్గవి. నేను సర్దుకోలేనిది ఒకటుంది: దీనికి తాళం లేదు. ద్రవం సీసాకు పిల్లలు తియ్యలేని మూత ఉండాలని ఇక్కడి చట్టం చెబుతుంది. కానీ నింపిన పరికరాన్ని సోఫా మీద వదిలేస్తే మూడేళ్ళ పాప నోట్లో పెట్టుకుని పీల్చినా పనిచేస్తుంది. కొత్తవాళ్ళకు తేలిక అని వాళ్ళు చెప్పే గుణమే ఇది. బటన్ లేకపోవడం, మెత్తగా దిగే నికోటిన్, పండ్ల రుచి, జేబులో ఇమిడే సైజు: బాబాయ్‌ని సిగరెట్ నుంచి తప్పించినవి ఇవే, పొగ ఎరుగని పద్నాలుగేళ్ళ పిల్లాడిని నికోటిన్‌లోకి దించేవీ ఇవే. ఎప్పుడూ పొగ తాగనివాళ్ళు కుతూహలంతో అడిగితే నేను వద్దనే చెబుతాను, ఏ వయసువాళ్ళకైనా.

వాడి పారేసే వేప్‌లను బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. అంతకు ముందు ఈ దేశంలో వారానికి దాదాపు 50 లక్షలు చెత్తలోకి పోతున్నాయని 2023లో ఒక అంచనా వచ్చింది. ఒక్కోదానిలో మళ్ళీ ఛార్జ్ చేయదగ్గ లిథియం బ్యాటరీ! ఇప్పుడు అమ్మేవి ఛార్జ్ చేసి, ద్రవం నింపి, కాయిల్ మార్చి వాడుకునేవై ఉండాలి. ఛార్జింగ్ వేగం గురించి ఇంత పోటీ రావడానికి ఇదీ ఒక కారణం.

వేప్ నిజంగా మానిపిస్తుందా అన్న ప్రశ్నకు నేను తరచుగా చెప్పేది లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగం. పొగ మానాలనుకున్న 886 మందిలో కొందరికి వేప్‌లు, కొందరికి నికోటిన్ పట్టీలు, గమ్ లాంటివి ఇచ్చారు, అందరికీ సలహాదారుల తోడు ఉంది. ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్ళు వేప్ గుంపులో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం. మా లెస్టర్ సేవాకేంద్రం 2014లోనే, ఇంకా చాలామంది సందేహిస్తున్న రోజుల్లోనే, వేప్‌తో మానతామన్నవాళ్ళను ఆదరించింది. నేను ఇక్కడ పనిచేస్తున్నందుకు గర్వపడే విషయాల్లో అదొకటి. అయితే అదే ప్రయోగంలో ఇంకో అంకె ఉంది. వేప్‌తో మానినవాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు. పట్టీలూ గమ్‌తో మానినవాళ్ళలో 9 శాతమే ఇంకా వాటిని వాడుతున్నారు.

ఈ ఛార్జింగ్ వేగంలో నన్ను ఆలోచింపజేసేది అక్కడే ఉంది. సిగరెట్ కాలిపోతుంది, అంతటితో ఆగాలి. ఇంకొకటి కావాలంటే చలిలో బయటికి పోయి ముట్టించాలి. వేప్‌కు అలాంటి చివర లేదు. పాతవాటికి బ్యాటరీ అయిపోతే గంటన్నర ఛార్జింగ్ అన్న విరామమైనా ఉండేది. వేగం ఆ విరామాన్నీ తీసేసింది. మొదటి నెలల్లో ఆ వేగం ప్రాణం కాపాడేదే. ఆ తర్వాత అదే కాళ్ళకు బంధం కావచ్చు. అందుకని మొదటి మూడు నెలలు నేను ఎవరినీ తగ్గించమనను. తర్వాత ముందు చోట్లు తగ్గించమంటాను: పడక గదిలో వద్దు, కారులో వద్దు. ఆ తర్వాత నికోటిన్ 20 నుంచి 10కి. దమ్ములు లెక్క పెట్టమని చెప్పను, దాని వల్ల ఆందోళన తప్ప లాభం చూడలేదు.

హాని లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. పొగకంటే హాని చాలా తక్కువ, అంతవరకే చెప్పగలం. ముప్పై, నలభై ఏళ్ళు వాడితే ఏమవుతుందో చూడటానికి అన్నేళ్ళు ఇంకా గడవలేదు. చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ ఈనాటి రూపానికి మూలమైన పరికరాన్ని తయారు చేసింది 2003లో. 2019, 2020ల్లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 68 మంది పోయారు. అక్కడ ప్రధాన దోషి గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలింది. ఎక్కడ తయారైందో తెలియని ద్రవం ముట్టకూడదనడానికి అదే నిదర్శనం.

మందులు వాడేవాళ్ళు ఒక మాట వినాలి. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు కొన్ని మందులను కాలేయం త్వరగా వదిలించుకునేలా చేస్తాయి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక జబ్బులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ ఆ కోవలోవి. పొగ ఆపి వేప్‌కు మారితే ఆ ప్రభావం పోతుంది, పాత మోతాదే ఒంట్లో ఎక్కువై కూర్చుంటుంది. మానే ముందే డాక్టరుకు చెప్పాలి. కాఫీకీ ఇదే వర్తిస్తుంది. పొగ మానాక నిద్ర పట్టడం లేదన్న బాబాయ్‌కి నేను ముందు తగ్గించమన్నది కాఫీ.

మన దేశంలో ఇదంతా కుదరదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది చట్టమైన నిషేధం కింద వేప్‌ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలలు, యాభై వేలు. విదేశాల్లో డాక్టరే ఇచ్చాడన్నా విమానాశ్రయంలో చెల్లదు. సంక్రాంతికి ఊరెళ్ళే తెలుగువాళ్ళు బ్యాగులో వేసుకుని వెళ్ళకండి, అక్కడి తమ్ముడి కోసం కొనకండి.

బాబాయ్ ఈసారి ఊరెళుతున్నాడు. పరికరం ఇక్కడే ఉంటుంది. ప్రయాణానికి వారం ముందే ఒంటికి అంటించుకునే పట్టీలు మొదలుపెట్టించాను, దిగాక కొత్తగా అనిపించకుండా. ఉన్నట్టుండి లాగినప్పుడు నమలడానికి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. ఆ గమ్ ఒంగోలులో మందుల షాపులోనూ డాక్టరు చీటీ లేకుండా దొరుకుతుంది. నమిలి మింగేది కాదు, ఘాటు తగిలేదాకా మెల్లిగా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. ఊళ్ళో మానాలనుకునే ఆయన స్నేహితుల కోసం జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-112-356 ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. ఫోన్ ఖర్చు లేదు. "ముగ్గురికిస్తానమ్మాయ్, ఒకడైనా చేస్తాడు" అని ఆ చీటీని పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు.