సేద్యము విడువని సైనికుడు

చెరకు పొలముల నడుమ పుట్టి పెరిగిన మనకు భూమి విలువను వేరొకరు బోధింప నక్కరలేదు. మన పూర్వులు ఓడలెక్కి వచ్చినది పరుల పొలములలో కూలి చేయుటకు. తమదని చెప్పుకొనదగిన చెక్క భూమిని సంపాదించుటకు వారికి తరములు పట్టినవి. ఇట్టి చరిత్రతో కొంత పోలిక గల దీవి యొకటి కెనడా దేశమున గలదు. ఆ దీవిలో పుట్టిన ఒక రైతు యుద్ధమునకు పోయి, ఒక చేతిని, ఒక కాలిని అక్కడ పోగొట్టుకొని వచ్చి, మరల తన పొలమునే నమ్ముకొనెను. ఆయన పేరు డేనియల్ జోసెఫ్ మెక్డానల్డు. ఆయన జీవితము మన కుటుంబముల వారందరును తెలిసికొనదగినది.

ఆ దీవి పేరు ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి. అది కెనడా తూర్పు తీరమున, సెయింట్ లారెన్స్ సింధుశాఖలో నున్నది. దాని విస్తీర్ణము సుమారు 5,660 చదరపు కిలోమీటర్లు. కెనడా రాష్ట్రము లన్నింటిలో ఇదియే చిన్నది. నేలలో ఇనుము పాలు హెచ్చగుటచే మన్ను ఎఱ్ఱగా నుండును. బంగాళాదుంప అక్కడి ముఖ్యమైన పంట. 1767లో బ్రిటిషు ప్రభుత్వము ఆ దీవిని 67 పాళ్లుగా విభజించి, చీటీలు వేసి, తన కిష్టులైన వారికి పంచిపెట్టెను. ఆ నేలపై ముందునుండి నివసించు మిక్మా జాతివారి నెవ్వరును అడుగలేదు. భూములు పొందినవారిలో పెక్కురు ఆ దీవి మొగమైనను చూడలేదు. అడవి నరికి, మొద్దులు పెకలించి, నేలను సాగునకు తెచ్చినవారు మాత్రము నూరేండ్లు కౌలుదారులుగనే యుండిరి. 1873లో దీవి కెనడాలో చేరినది. 1875లో చేసిన భూమి కొనుగోలు చట్టముచే జమీందారులు భూములను అమ్మక తప్పలేదు. కనుక అక్కడి రైతునకు పొలమనగా బ్రదుకుతెరువు మాత్రమే కాదు. తాతలు పోరాడి తెచ్చిన గౌరవము.

మెక్డానల్డు 1918 జూలై 23న ఆ దీవి తూర్పు కొననున్న బాత్వెల్ అను గ్రామమున జన్మించెను. వృత్తి సేద్యము. రెండవ ప్రపంచ యుద్ధము రాగా నాగలి విడిచి తుపాకి పట్టినవారిలో ఆయన యొకడు. ఆ దీవి యువకులలో కొందరు నౌకాదళమున చేరిరి. 1939లో పట్టుమని 15 యుద్ధనౌకలు లేని కెనడా నౌకాదళము 1945 నాటికి దాదాపు 400 నౌకల దళమాయెను. సముద్రము నెన్నడును చూడని గోధుమ పొలముల కుఱ్ఱవారు సయితము అందు చేరిరి. ఆ యుద్ధమున సుమారు 2,000 మంది కెనడా నావికులు ప్రాణములు విడిచిరి. మెక్డానల్డు మాత్రము కాల్బలమున, కేప్ బ్రెటన్ హైలాండర్స్ అను దళమున పనిచేసెను. 1944 డిసెంబరులో ఇటలీ దేశమున సెనియో నదీతీరమున జరిగిన పోరులో ఆయన ఎడమ చేయి, ఎడమ కాలు పోయినవి. అప్పటికాయన వయస్సు ఇరువదియారు సంవత్సరములు.

సేద్యము రెండు చేతుల పని. బస్తా మూతిని ఒక చేయి పట్టవలెను, రెండవ చేయి ముడి వేయవలెను. మెత్తని దుక్కిలో నడచుట రెండు కాళ్లున్న వానికే శ్రమ. ఇట్టి పనికి మరల పూనుకొనుమని ఆయన నెవ్వరును నిర్బంధింపజాలరు. అయినను ఆయన ఇంటికి వచ్చి, మరల రైతుగనే జీవించెను. ఆ కాలమున కెనడా ప్రభుత్వము కూడ ఇట్టి యూహతోనే 1942లో మాజీ సైనికుల భూమి చట్టమును చేసియుండెను. 1977 వరకు 1,40,000 మందికి పైగా ఆ చట్టము సాయమును కోరిరి. అది భిక్ష కాదు. నేల కొనుటకు, పశువులను పనిముట్లను సమకూర్చుకొనుటకు ఇచ్చిన అప్పు. గాయపడి వచ్చినవానికి జాలికంటె పనియే మేలైన మందని ఆ దేశము గ్రహించినది.

పొరుగువారు 1962లో ఆయనను రాష్ట్ర శాసనసభకు పంపిరి. 1966 మొదలు 1972 వరకు ఆయన వ్యవసాయ, అటవీ శాఖల మంత్రి. అది సులభమైన కాలము కాదు. 1969లో రాష్ట్రము కేంద్రముతో కుదుర్చుకొనిన పదునైదేండ్ల ప్రణాళిక చిన్న కమతములను కలిపి పెద్దవి చేయదలచినది. చిన్న రైతులకు ఇది దిగులు కలిగించినది. 1972లో ఆయన కార్డిగన్ నియోజకవర్గమునుండి పార్లమెంటునకు ఎన్నికై, ట్రూడో ప్రభుత్వమున మాజీ సైనికుల శాఖకు మంత్రి యాయెను. 1979లో ఓడిపోయి, 1980లో మరల గెలిచి, అదే శాఖను చేపట్టెను. ఆ పదవిలో నుండగనే 1980 సెప్టెంబరు 30న మరణించెను.

పింఛనుకై అర్జీ పెట్టుకొను అంగహీనుని బాధ ఆయనకు కాగితముల వలన తెలిసినది కాదు. సైనికులు, నావికులు, వైమానికులు అందరి బాగోగులును ఆ శాఖవే. అయినను అన్ని లోపములును ఆయన కాలమున తీరలేదు. సరకు నౌకలలో పనిచేసి శత్రువుల టార్పిడోల కెదురేగిన నావికులకు ఇతర మాజీ సైనికులతో సమానమైన హక్కులు 1992లో గాని రాలేదు. ఆయన మంత్రిగా నున్నపుడే, 1976లో, ఆ శాఖ ప్రధాన కార్యాలయమును రాజధానియైన ఒట్టావానుండి దీవి ముఖ్యపట్టణమైన షార్లెట్‌టౌనునకు మార్చు నిర్ణయము వెలువడెను. 1984లో తెరచిన ఆ భవనమునకు ఆయన పేరే పెట్టిరి. నేటికిని రాజధాని ప్రాంతమునకు వెలుపల ప్రధాన కార్యాలయము గల కేంద్ర మంత్రిత్వ శాఖ అదియొకటే.

కెనడాలో ప్రతి సంవత్సరము నవంబరు 11న యుద్ధమృతులను స్మరింతురు. మృతులను స్మరించుట ధర్మమే. బ్రదికి వచ్చినవారి సంగతి యంతకంటె కష్టమైనది, ఏలయన వారికి పూలమాల చాలదు. మన ఇండ్లలోను మిల్లు యంత్రమున చేయి పోయినవారు, తోటపనిలో కాలు చెడినవారు గలరు. వారిని అరుగుమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టుటతో మన ఋణము తీరదు. వారికి చేతనైన పనిని, ఆ పనికి తగిన మాటను, సభలో ఒక పీటను ఇచ్చినప్పుడే తీరును. బాత్వెల్ గ్రామస్థులు తమ రైతునకు చేసినది అంతే. ఆయన దానిని దేశమునకు తిరిగి చెల్లించెను.